సిగ్నల్ పోతే ఏ మోటారు ఆగాలి, ఏది తిరగాలి? ట్యాంకుకీ పెరటి గుంతకీ వైర్‌లెస్ కంట్రోల్ పెట్టుకోవడం ఎలా

మా అమ్మావాళ్ల ఇల్లు శ్రీకాకుళంలో, నాగావళికి దగ్గరగా ఉన్న ఓ పాత వీధిలో. ఆ వీధిలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేసుకుంటూ పోయారు. నా చిన్నప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. దాంతో ఆ ఇంటికి నీళ్లతో రెండు పనులు పడ్డాయి. వాడుకునే నీళ్లు సంపులోంచి మేడ మీదికి ఎక్కించాలి. వానొస్తే పెరట్లో నిలిచిన నీళ్లు బయటికి తోడాలి. నేనుండేది విశాఖపట్నంలో. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి మెట్లెక్కితే ఆయాసం. ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు మేడెక్కాలి. లేదా పక్కింటి పిన్ని గోడ మీంచి "నీల్లు పోతన్నాయమ్మా, మోటారు ఆపీయండి" అని కేకెయ్యాలి.

ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే బోర్డు ఒకటి కొని బిగిస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. మొదటి ఏడాదే ఒక రాత్రి, ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తుండగానే మోటారు తెల్లవార్లూ తిరిగింది. ఆ కథ కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ గురించి రాసేచోట చెప్తాను. ఆ తర్వాత ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చాను. మీరు మొదలుపెడితే ఏ వరసలో వెళ్లాలో రాస్తున్నాను. ఒక మాట ముందే: బోర్డు, సెన్సర్ల పని మీరు చేసుకోవచ్చు. 230 వోల్టుల కనెక్షన్లు, ముఖ్యంగా నీళ్ల దగ్గరవి, ఎలక్ట్రీషియన్‌తోనే వేయించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూసి, మోటారు లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను వెంటనే తెంచేసే స్విచ్) పెట్టమనండి. అది లేకుండా మిగతా ఏదీ మొదలుపెట్టొద్దు.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఇంట్లో, తోటలో ఉన్న మోటార్లన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్నకి జవాబు రాయండి: సిగ్నల్ పోతే ఇది ఆగాలా, తిరగాలా?

మేడ మీదికి నీళ్లు ఎక్కించే మోటారైతే, సిగ్నల్ పోగానే ఆగాలి. ఆగినందువల్ల వచ్చే నష్టం, కాసేపు కుళాయిలో నీళ్లు రాకపోవడం. ఆగకపోతే సంపు ఖాళీ అయి, మోటారు ఉత్తినే తిరిగి, సీలు కాలిపోతుంది. పెరటి గుంతలో నీళ్లు తోడే మోటారు దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. వాన కుమ్మేస్తున్న రాత్రి వైఫై పోయిందని అది ఆగి కూర్చుంటే నీళ్లు వంటింట్లోకి వస్తాయి. కాబట్టి దాని ఆన్, ఆఫ్ నిర్ణయం గుంతలో వేలాడుతూ నీళ్లతో పాటు తేలే ఫ్లోటు స్విచ్‌దే కావాలి. ఫోన్‌కి కబురు మాత్రం వస్తే చాలు.

చాలామంది, మొదట్లో నేనూ, రెండింటికీ ఒకే రకం బోర్డు పెట్టి ఒకే రకంగా సెట్ చేస్తాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

కాగితం మీద రెండో విషయం, దూరం. మోటారుకీ ట్యాంకుకీ మధ్య తీగ లాగడం వీలైతే తీగే లాగండి. వైర్‌లెస్ గురించి రాస్తూ ఇలా చెప్పడం వింతగా ఉండొచ్చు గానీ, పైపు పక్కనే కేసింగ్ వేసి లాగిన తీగకి బ్యాటరీ అయిపోదు, పాస్‌వర్డ్ మర్చిపోదు. మా ఇంట్లో మోటారు పెరట్లో ఉంది, ట్యాంకు వీధి వైపు మేడ మీద, మధ్యలో రెండు శ్లాబులు. గోడలు తొలిపించడానికి నాన్న ఒప్పుకోలేదు. అందుకే వైర్‌లెస్.

బకెట్టుతో కొలత

యాప్ డౌన్‌లోడ్ చేసే ముందు చేయాల్సిన పని ఇది. మేడ మీద ట్యాంకులో పడే పైపు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టి, మోటారు వేయించి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మాకు 30 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 40 లీటర్లు. 1,000 లీటర్ల ట్యాంకు పూర్తిగా ఖాళీ నుంచి నిండడానికి 25 నిమిషాలు. ఏ కారణంతోనైనా మోటారు 35 నిమిషాలు దాటి తిరుగుతోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఈ 35 అంకె తర్వాత బోర్డులో పెడతాం. సెన్సర్లన్నీ పాడైనా మిమ్మల్ని కాపాడేది అదే.

అలాగే తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో మోటారు నడుస్తున్నప్పుడు ఎన్ని ఆంప్స్ లాగుతోందో కొలిపించి, స్టార్టర్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టండి. తర్వాత సంపు వాల్వు ఒక్క క్షణం మూసి, ఉత్త నడకకి ఎంత తగ్గుతుందో కూడా చూసి రాయండి. ఎలక్ట్రీషియన్ ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి, మళ్లీ పిలిస్తే వారం పడుతుంది.

కాంటాక్టర్: ఆ రాత్రి కథ

బోర్డు చెప్పినట్టు కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్‌ని రిలే అంటారు. బజార్లో దొరికే నీలం రంగు రిలే మీద 10 ఆంప్స్, 250 వోల్ట్స్ అని ఉంటుంది. మన ఒక హెచ్‌పీ మోటారు ఆరేడు ఆంప్సే కదా, సరిపోతుందిలే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ 10 ఆంప్స్ బల్బు, హీటరు లాంటి వాటికి రాసింది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. లాగిన ప్రతిసారీ రిలే లోపలి పాయింట్ల మీద చిన్న నిప్పురవ్వ. కొన్ని నెలలకి ఆ పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బోర్డు ఆఫ్ చెప్పింది, రిలే పాయింట్లని లాగి కలిపే కాయిల్‌కి (తీగ చుట్టకి) కరెంటు పోయింది, ఫోన్‌లో ఆఫ్ అని పడింది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. ట్యాంకు పొర్లి, సంపు ఎండి, తెల్లారి అమ్మ లేచేసరికి మోటారు ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆ రిలేని విప్పి చూస్తే లోపల మినప గింజంత వెండి పాయింటు నల్లగా కరిగి, ఎదురు పాయింటుకి అంటుకుని ఉంది. గోరుతో గిల్లితే ఊడలేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఊడింది.

అందుకని ఇలా చేయండి. బోర్డు రిలే మోటారును నేరుగా నడపకూడదు. అది ఒక కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టర్ నడపాలి. షాపులో అడిగేటప్పుడు మోటారు లోడుకి రాసిన ఏసీ-3 రేటింగ్ చూసి తీసుకోండి. ఒక హెచ్‌పీకి 9 ఆంప్స్‌ది సాధారణంగా సరిపోతుంది. దానికి జతగా, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే. కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా స్నబ్బర్ అనే చిన్న ముక్క కూడా వేయించండి. అది లేకపోతే కాంటాక్టర్ వదిలిన ప్రతిసారీ వచ్చే ఎదురుదెబ్బకి పక్కనే ఉన్న బోర్డు రీస్టార్ట్ అవుతుంది. నాకు ఆ విషయం తెలియక వారం రోజులు వైఫై రూటర్‌ని తిట్టుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఇంకో సంగతి పట్టుకున్నాను. ఫోన్‌లో ఆఫ్ అని ఉంటే అది మనం ఇచ్చిన ఆర్డరు, జరిగిన పని కాదు. మోటారు నిజంగా ఆగిందో లేదో తెలియాలంటే మోటారుకి వెళ్లే తీగని చూడాలి. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ సెన్సర్ అని ఉంగరంలా ఉండే చిన్నది దొరుకుతుంది. మోటారు ఫేజు తీగని దాని మధ్యలోంచి పోనిస్తే ఎంత కరెంటు పారుతోందో బోర్డుకి తెలుస్తుంది. దాంతో మూడు పనులు ఒకేసారి అవుతాయి. ఆఫ్ చెప్పాక కూడా కరెంటు పారుతుంటే ఫోన్‌కి అలారం. ఆన్ చెప్పాక పారకపోతే మోటారు మొదలవ్వలేదని కబురు. నడుస్తుండగా కరెంటు మీరు రాసిపెట్టుకున్న ఉత్త నడక అంకెకి పడిపోతే, నీళ్లు లేవని మోటారు ఆపడం.

డబ్బులు తక్కువైతే ఫోన్ భాగాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి గానీ కాంటాక్టర్, ఓవర్‌లోడ్ దగ్గర తగ్గొద్దు.

స్టార్టర్ పెట్టెకి మూడు స్థానాల తిప్పుడు స్విచ్ ఒకటి పెట్టించండి: ఆటో, ఆఫ్, మాన్యువల్. మాన్యువల్‌లో పెడితే బోర్డు, వైఫై, యాప్ అన్నీ పక్కకి తప్పుకోవాలి. ఓవర్‌లోడ్ మాత్రం అప్పుడు కూడా పనిచేయాలి. మా నాన్నకి ఈ మొత్తం ఏర్పాటులో నచ్చింది ఈ స్విచ్ ఒక్కటే.

ట్యాంకులో ఏం పెట్టాలి

నేను మూడు రకాలు వాడి చూశాను. మొదటిది స్టీలు కడ్డీలు. నీళ్లు తగిలితే సర్క్యూట్ పూర్తయ్యే పద్ధతి. చవక. కానీ బ్యాటరీ లాంటి డీసీ కరెంటు వాటిలో ఎప్పుడూ పారుతుంటే, మూడు నెలలకి ఒక కడ్డీ నల్లగా సన్నబడి, ఇంకో దాని మీద తెల్లటి పెచ్చు కడుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకా తొందరగా. పెచ్చు కట్టిన కడ్డీకి నీళ్లు తగిలినా తగలనట్టే.

రెండోది అల్ట్రాసోనిక్. మూతకి బిగిస్తే నీటి మట్టం శాతంలో చూపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే మామూలుగా దొరికే వాటికి 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నది కనపడదు. ట్యాంకు నిండే వేళకి నీళ్లు సరిగ్గా ఆ దూరంలోకే వస్తాయి. మనకి అన్నిటికన్నా అవసరమైన క్షణంలో అది తప్పుడు అంకె చెప్తుంది. పైగా మూత లోపల చెమట పట్టి, బొట్లు దాని ముఖం మీద నిలబడతాయి.

చివరికి కుదిరింది మాగ్నెటిక్ ఫ్లోటు. కడ్డీ మీద తేలే గుండు ఉంటుంది, గుండులో అయస్కాంతం, కడ్డీ లోపల చిన్న స్విచ్. నీళ్లలో కరెంటు పారదు. ఇలాంటివి రెండు వేయండి. కిందిది ట్యాంకు మూడో వంతు దగ్గర, పైది నిండడానికి నాలుగు వేళ్లు తక్కువలో. మోటారు కిందిది పడినప్పుడు మొదలై, పైది లేచినప్పుడు ఆగాలి. ఒకే ఫ్లోటు పెడితే ఎవరైనా చెంబుడు నీళ్లు వాడుకున్నప్పుడల్లా మోటారు లేస్తుంది. పై నుంచి పడే నీళ్ల అలకి గుండు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, ఫ్లోటు మారి అయిదు సెకన్లు నిలబడితేనే నమ్మమని బోర్డుకి చెప్పండి.

సంపులోనూ ఒక ఫ్లోటు అడుగు నుంచి జానెడు ఎత్తులో వేయాలి. ఇది మోటారు పక్కనే కాబట్టి తీగతోనే కలపండి.

వీటన్నిటికీ తోడు ఖర్చు లేని సెన్సరు ఒకటుంది. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపుని వంటింటి కిటికీ ఎదురుగా రేకు మీద పడేలా తిప్పండి. అన్నీ ఫెయిలైనా ఆ చప్పుడుకి అమ్మ లేస్తుంది.

కబురు ఎలా వెళ్తుంది

మూడు దారులు. ఇల్లు చిన్నదై, మోటారు దగ్గరా ట్యాంకు దగ్గరా ఫోన్‌లో వైఫై రెండు మూడు గీతలు నిలకడగా కనిపిస్తే వైఫై చాలు. ఒక పూటంతా ఫోన్ అక్కడే పెట్టి చూడండి, ఒక్క నిమిషం చూసి నమ్మొద్దు. ఈ బోర్డులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. రూటర్‌లో 5 మాత్రమే ఆన్ చేసి ఉంటే అసలు కనపడవు.

శ్లాబులు అడ్డమైతే రెండో దారి, రేడియో. ట్యాంకు దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌మిటర్, మోటారు దగ్గర ఒక రిసీవర్. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. లోరా (తక్కువ శక్తితో ఎక్కువ దూరం చేరే రేడియో పద్ధతి) మాడ్యూల్ కొనేటప్పుడు ఈ బ్యాండ్‌కి పనికొచ్చేదే అడగండి. 915 అని రాసి చవగ్గా వచ్చేవి అమెరికా బ్యాండ్‌వి, మన దగ్గర ఆ దరిదాపులు సెల్ కంపెనీల చేతిలో ఉన్నాయి. వైఫైతో పోలిస్తే ఇది గోడల్ని బాగా దాటుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. యాంటెనా నిలువుగా, ఇనప పెట్టెకి బయట ఉండాలి. యాంటెనా బిగించకుండా మాడ్యూల్‌కి కరెంటు ఇవ్వొద్దు, ట్రాన్స్‌మిటర్ పాడవుతుంది.

ఈ రేడియో దారిలో ఒక్క నియమం తప్పకూడదు. ట్యాంకు వైపు నుంచి 'నిండింది' అన్న కబురు కోసం ఎదురు చూస్తూ మోటారు తిరగకూడదు. ఆ కబురు దారిలో తప్పిపోతే ఇక ఎప్పటికీ రాదు. ట్రాన్స్‌మిటర్ నిమిషానికోసారి 'ఉన్నాను, ఇంకా నిండలేదు' అని చెప్తూ ఉండాలి. అది వింటున్నంతసేపే మోటారు తిరగాలి. అయిదు నిమిషాలు ఏమీ వినపడకపోతే ఆగిపోవాలి. బావిలోకి దిగినవాడు తాడు కదుపుతూ ఉంటేనే పైనున్నవాళ్లకి నిశ్చింత, అలాంటిదే ఇది.

మూడో దారి సిమ్ కార్డు. అది తోట దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

మోటారు దగ్గర బోర్డులో పెట్టాల్సిన అంకెలు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయి. గరిష్ఠంగా 35 నిమిషాలు. కబురు లేకపోతే 5 నిమిషాలకి ఆగడం. సంపు ఫ్లోటు పడితే వెంటనే ఆగడం. ఒకసారి ఆగాక మళ్లీ మొదలవడానికి కనీసం 5 నిమిషాల గ్యాప్. ఇవి యాప్‌లో కాదు, క్లౌడ్‌లో కాదు, బోర్డులోనే ఉండాలి. కొన్ని రెడీమేడ్ పెట్టెల్లో టైమర్ కంపెనీ సర్వర్ నుంచి నడుస్తుంది. కొనే ముందు షాపులోనే పెట్టె ఆన్ చేయించి, వైఫై తీసేసి, టైమర్ పనిచేస్తుందో లేదో చూపించమనండి. చూపించలేకపోతే కొనొద్దు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చేయండి.

అమ్మకి స్మార్ట్‌ఫోన్ లేదు, పెట్టుకోదు కూడా. వంటింటి గోడకి రెండు చిన్న దీపాలు పెట్టాను. పచ్చది వెలిగితే మోటారు నడుస్తోంది, ఎర్రది వెలిగితే ఏదో తేడా. విశాఖలో నేను చూసే యాప్ కన్నా ఆ దీపాలే ఎక్కువ పని చేస్తున్నాయి.

పెరటి గుంత

ఇక్కడ ఆలోచన తిరగెయ్యాలని ముందే చెప్పాను. మొదట లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా పెరడూ, దాంట్లోకి కారే కప్పూ కలిపి 120 గజాలు, అంటే సుమారు 100 చదరపు మీటర్లు. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే గంటకి 5,000 లీటర్లు, నిమిషానికి 83. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకి చేరితే భారీ వర్షం అంటుంది. ఒక్కోసారి అందులో సగం పైగా ఒక గంటలోనే దిగుతుంది. మీ గజాలతో ఈ లెక్క వేసుకుని, దానికి రెట్టింపు తోడగలిగే పంపు తీసుకోండి. పంపు మీద రాసిన అంకె నీళ్లని ఎత్తాల్సిన అవసరం లేనప్పటిది, పైకి ఎత్తేటప్పుడు తగ్గుతుంది.

గుంత మరీ చిన్నదైతే పంపు నిమిషానికోసారి లేస్తూ పడుతూ ఉంటుంది. మాది రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. నిండితే 340 లీటర్లు. అడుగున ఇటుక ముక్క వేసి దాని మీద పంపు కూర్చోబెట్టండి, ఇసుక లాగదు. గుంత నోటికి జాలీ తప్పనిసరి. మాకు మొదటి వానకే పంపుని ఆపింది బాదం ఆకులు.

పంపుతో వచ్చే ఫ్లోటు స్విచ్ దాన్ని నేరుగా ఆన్, ఆఫ్ చేస్తుంది. దాన్ని అలాగే ఉంచండి. దాని దారిలో బోర్డు పెట్టొద్దు. బోర్డు పక్కన నిలబడి చూసేది మాత్రమే. దానికి రెండు కళ్లు ఇవ్వండి. ఒకటి పంపు తీగ మీద కరెంట్ సెన్సర్. రెండోది గుంత అంచుకి జానెడు కింద ఇంకో ఫ్లోటు. నీళ్లు అంత పైకి వచ్చాయంటే పంపు ఓడిపోతోందన్నమాట, అప్పుడు ఫోన్‌కి అలారం రావాలి, ఇంట్లో బజర్ మోగాలి. పంపు అరగంట దాటి ఆగకుండా నడిచినా కబురు రావాలి.

అరగంట దాటి నడవడానికి మా వీధిలో ఉండే కారణం వేరు. నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి వస్తుంది. అక్కడ వానలు పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు నిండుతుంది. ఏరు నిండితే ఊళ్లోని కాలవలు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. అప్పుడు మనం తోడిన నీళ్లు కాలవలో పడి, కాలవ పొంగి, గేటు కింద నుంచి మళ్లీ పెరట్లోకే వస్తాయి. పంపు అవే నీళ్లని తిప్పి తిప్పి తోడుతుంది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్‌ఆర్‌వీ వాల్వు వేసి, పైపు మూతి కాలవ గట్టు కన్నా ఎత్తులో పెడితే కొంత నయం. పూర్తిగా కాదు.

అలాంటి రోజు పంపుని కాసేపు ఆపాలనిపిస్తుంది. అందుకు మాత్రం ఫోన్‌కి అధికారం ఇచ్చాను, అదీ అరగంటకే. 'ఆపు' అని నొక్కితే అరగంట ఆగి, తర్వాత ఎవరూ చెప్పకుండానే మళ్లీ ఫ్లోటు చేతికి వెళ్లిపోతుంది. ఈ పని చేసే రిలే దాని మామూలు స్థితిలో, అంటే బోర్డుకి కరెంటు లేనప్పుడు, పంపు లైను కలిపే ఉండాలి. రిలే మీద ఎన్‌సీ అని రాసిన పాయింటు అదే. ఇక్కడ కూడా మోటారు కరెంటు దాని గుండా వెళ్లకూడదు, కాంటాక్టర్ కాయిల్ కరెంటు మాత్రమే.

ఇన్వర్టర్ మీద ఈ పంపుని నడపాలనుకుంటే ముందు ఎండరోజున పరీక్షించండి. అర హెచ్‌పీ పంపు మొదలయ్యేటప్పుడు లాగే దెబ్బకి చిన్న ఇన్వర్టర్లు ఆగిపోతాయి. ఆ సంగతి తుఫాను రాత్రి తెలుసుకోవడం దేనికి?

ఇంకో హెచ్చరిక. ఇది వాన నీళ్ల గుంత గురించి రాశాను. సెప్టిక్ ట్యాంకుకీ, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కీ సెన్సరు పెట్టాలనుకుంటే పై నుంచి వేలాడదీయండి. దేనికోసమూ మనిషి లోపలికి దిగకూడదు, ఎవర్నీ దింపకూడదు. లోపలి గ్యాసు ఒక్క శ్వాసలో పడేస్తుంది. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం అలా దింపించడం నేరం కూడా.

ఉద్దానం తోటలో సిమ్ స్టార్టర్

శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం ఉద్దానంలో, కవిటి వైపు మా మావయ్యకి కొబ్బరితోట ఉంది. ఇంటికీ తోట బోరుకీ మధ్య కిలోమీటరు పైనే. అక్కడ వైఫై లేదు. కొబ్బరి మట్టలు తడిసినప్పుడు రేడియో సిగ్నలూ తగ్గుతుంది. సిమ్ కార్డు వేసే మొబైల్ స్టార్టరే అక్కడ దారి. దానికి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు మొదలవుతుంది, తిరిగి మెసేజ్ పంపుతుంది.

కొనేటప్పుడు 2జీదా 4జీదా అడగండి. 2జీది అయితే జియో సిమ్ వేస్తే పలకదు, జియోకి మొదటి నుంచీ 2జీ లేదు. కొత్తగా కొంటే 4జీదే కొనండి. ముందు తోటలో స్టార్టర్ బిగించే చోటే నిలబడి, ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో మామూలు ఫోన్‌తో చూసుకోండి. సిమ్ రీచార్జ్ గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. గడువు దాటితే కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. మావయ్య దాన్ని స్టార్టర్ చెడిపోయిందని మెకానిక్‌ని పిలిపించుకుని, రానూ పోనూ ఖర్చిచ్చాక తెలుసుకున్నాడు.

నంబర్ల లిస్టులో ఇంట్లోవాళ్ల నంబర్లు మాత్రమే ఎక్కించండి. లిస్టు లేకుండా వదిలేస్తే లోన్ ఇస్తామని వచ్చే ఫోన్‌కి కూడా మోటారు లేస్తుంది.

తోటలో త్రీఫేజ్ కాబట్టి ఒక ఫేజు పోతే వెంటనే ఆపే రక్షణ ఉండాలి, లేకపోతే వైండింగ్ కాలిపోతుంది. కరెంటు రాగానే తనంతట మొదలయ్యే ఆటో పెట్టుకుంటే ఆలస్యం కూడా పెట్టండి. ఒకే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీదున్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే వోల్టేజి పడిపోయి కాంటాక్టర్లు గుయ్యిమంటూ వణుకుతాయి, పాయింట్లు కాలిపోతాయి. పక్క తోటలవాళ్లతో మాట్లాడుకుని ఒకరు రెండు నిమిషాలు, ఒకరు నాలుగు, ఒకరు ఆరు అని పెట్టుకోవచ్చు. మావయ్యావాళ్లు అలాగే చేశారు, వరసకి పెద్దవాళ్లు ముందు!

పెట్టెలో తీగలు వెళ్లే కన్నాలన్నీ మూసేయండి. తోటలో స్టార్టర్లకి పెద్ద శత్రువు పిడుగు కాదు, బల్లి. వెచ్చగా ఉంటుందని లోపలికి దూరి, కాంటాక్టర్ సందులో నలిగి, పాయింట్లు కలవకుండా చేస్తుంది. దాని వెనకే చీమలు. సముద్రపు గాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుమెక్కుతాయి. కరెంటు తీసేసి, ఆరు నెలలకోసారి శుభ్రం చేసి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి.

అప్పగించే ముందు పరీక్షలు

అన్నీ బిగించాక యాప్‌లో ఆన్, ఆఫ్ నొక్కి చూసి మురిసిపోయి వెళ్లిపోవద్దు. చెడగొట్టి చూడండి. మోటారు నడుస్తుండగా రూటర్ ప్లగ్గు పీకండి. మేడ మీద ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ తీసి గడియారం చూడండి, అయిదు నిమిషాలకి మోటారు ఆగాలి. సంపు ఫ్లోటుని చేత్తో కిందికి దించండి. మెయిన్ తీసి మళ్లీ వేయండి, మోటారు తనంతట వెంటనే లేవకూడదు. కాంటాక్టర్ కాయిల్ తీగ విప్పించి ఆన్ నొక్కండి, మొదలవ్వలేదని ఫోన్‌కి కబురు రావాలి. తర్వాత పెరటి గుంత. బోర్డు కరెంటు పూర్తిగా తీసేసి, గుంతలోకి గొట్టంతో నీళ్లు వదలండి. పంపు తనే లేచి, తోడి, ఆగాలి. మా ఇంట్లో ఈ చివరి పరీక్ష మొదటిసారి ఫెయిలైంది. ఎన్‌సీ బదులు, బోర్డుకి కరెంటు లేకపోతే లైను విడిపోయే ఎన్‌ఓ పాయింటుకి బిగించాను. ఎండాకాలంలో పరీక్షించబట్టి బతికిపోయాం.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి కరెంటు లేదు. సెల్ టవర్లూ మూగబోయాయి. అలాంటప్పుడు ఏ యాప్ పనికిరాదు. కాబట్టి హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే ట్యాంకు పూర్తిగా నింపేయండి. ఆటోలో ఉంటే మూడో వంతు దాకా దిగితే గానీ మోటారు లేవదు, అందుకే ఈ ఒక్క రోజు మాన్యువల్‌లో వేసి దగ్గరుండి నింపాలి. సంపు కూడా. బిందెలు, డ్రమ్ములు ఎలాగూ అమ్మ నింపుతుంది. మేడ మీద సోలార్ ప్లేటు ఉంటే విప్పి లోపల పెట్టండి. గుంత జాలీ మీద ఆకులు తీసేయండి. గాలి మొదలయ్యాక నీళ్లు ఎక్కించే మోటారు స్విచ్ ఆఫ్‌లో పెట్టి, మెయిన్ దించండి. గుంత పంపు లైను మాత్రం వేరే బ్రేకర్ మీద ఉండాలి, దాన్ని దించొద్దు. నీళ్లు ఆ స్విచ్‌బోర్డు ఎత్తుకి వచ్చేలా ఉంటేనే దించాలి. అందుకే మాది నడుం ఎత్తు నుంచి తల ఎత్తుకి మార్పించాను.

కరెంటు తిరిగొచ్చాక వెంటనే ఆటోలో పెట్టొద్దు. మొదటి గంటల్లో వోల్టేజి పడుతూ లేస్తూ ఉంటుంది. ఫ్యాను నిలకడగా తిరుగుతోందో లేదో చూసి, ఓ అరగంట ఆగి, ఒకసారి మాన్యువల్‌లో నడిపి, ఆంప్స్ మీరు తలుపు లోపల రాసుకున్న అంకెకి దగ్గరగా ఉంటే అప్పుడు ఆటోకి తిప్పండి.